మా ఇంటి డీఎన్ఎస్ ఎవరి చేతిలో ఉండాలి?

ముందే చెప్పేస్తున్నా. ఇంట్లో ఫోన్లకీ టీవీలకీ వచ్చిపడే ప్రకటనల్ని డీఎన్ఎస్ దగ్గరే ఆపెయ్యడం తప్పు కాదని నా గట్టి అభిప్రాయం. తప్పు కాకపోవడమే కాదు, ఇంట్లో అరవై దాటిన పెద్దవాళ్లుంటే ఆ పని చెయ్యకుండా ఊరుకోవడమే తప్పు. కొన్నాళ్ల కిందటైతే ఇక్కడితో ఆపేసి, ఎలా చెయ్యాలో నాలుగు ముక్కలు రాసి చేతులు దులుపుకునేవాణ్ణి. మధ్యలో మా నాన్నగారు నన్నొక ప్రశ్న అడిగారు. జవాబు చెప్పలేక నీళ్లు నమిలాను. అందుకని కథ మొదట్నుంచీ చెప్పాల్సొస్తోంది.

మాది తెనాలి. నాన్నగారు లెక్కల మాస్టారు. జిల్లా పరిషత్తు హైస్కూళ్లలో ముప్పయ్యేళ్లకి పైగా చెప్పి రిటైరయ్యారు. చక్రవడ్డీ లెక్కలు కాగితం లేకుండా నోటితో కట్టేసే మనిషి. 2024 డిసెంబరులో ఆయన ఫోనులో ఏదో వార్త చదువుకుంటుంటే మధ్యలో ఒక ప్రకటన వచ్చింది. పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ కోసం ఎక్కడికీ తిరగక్కర్లేదు, ఇంట్లోంచే ఇచ్చెయ్యొచ్చు అని. మూడు సింహాల బొమ్మ, మూడు రంగులు, అన్నీ ఉన్నాయిట. అసలు అలాంటి సౌకర్యం నిజంగానే ఉంది కదా, జీవన్ ప్రమాణ్ అని 2014లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఆయన దాని గురించి విన్నారు కూడా. నొక్కారు. పీపీఓ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, ఫోను నంబరు నింపారు. పావుగంటలో ఫోనొచ్చింది. తెలుగులోనే, మర్యాదగా, "మాస్టారూ" అని పిలిచి మరీ మాట్లాడాడుట. ఓటీపీ చెప్పేశారు. 86,000 రూపాయలు పోయాయి. వానల్లోపు డాబా మీద శ్లాబు బాగుచేయిద్దామని పక్కన పెట్టుకున్న డబ్బు.

నాకు ఆ సంగతి చెప్పింది మూడో రోజున, అదీ అమ్మ. ఇలాంటి వాటికి 1930 అనే నంబరుంది, డబ్బు ఇంకో ఖాతాకి మారిపోకముందే చేస్తే ఆపడానికి కొంత వీలుంటుంది. మూడో రోజు చేస్తే ఏముంటుంది, ఫిర్యాదు నంబరు ఒకటిచ్చారు. అంతే.

డబ్బు సంగతి సరే. నన్ను బాధపెట్టింది ఆ తరవాతి సంగతి. ఆయన ఫోను ముట్టుకోవడం మానేశారు. గ్యాసు బుక్ చెయ్యాలన్నా "నువ్వు చెయ్యవే, నా చెయ్యి మంచిది కాదు" అని అమ్మకి ఇచ్చేవారుట. ఊళ్లో సగంమందికి శాతాలు నేర్పిన మనిషి.

ఇందులో ఆయన తప్పు ఎంత అని చాలాసార్లు ఆలోచించాను. ఓటీపీ చెప్పడం తప్పే, కాదనను. కానీ ఆ ప్రకటనని ఆయన దాకా మోసుకొచ్చిన వాళ్ల తప్పో? పేపర్లో ప్రకటన వెయ్యాలంటే ఎవడో ఒకడు ఆఫీసుకెళ్లి డబ్బు కట్టాలి, వేసేవాడు దాన్నొకసారి చదవాలి, రేపు గొడవైతే అడగడానికి ఒక గుమ్మం ఉంటుంది. వెబ్ పేజీలో అలా కాదు. పేజీ తెరుచుకునే లోపల ఆ ఖాళీ జాగాకి వేలంపాట జరిగిపోతుంది, అదీ సెకనులో చిన్న ముక్కలో. చదివేవాడి వయసెంత, ఏ ఊరు, ఏ ఫోను అన్న అంచనాలు చూసి ఎవడెక్కువ పాడితే వాడి బొమ్మ వస్తుంది. మీ పేజీలో ఇప్పుడు ఏ ప్రకటన కనిపిస్తోందయ్యా అని ఆ పత్రిక వాళ్లనే అడగండి, వాళ్లకీ తెలియదు. అరవై దాటిన పెన్షనరుని వెతికి పట్టుకోవడానికి దొంగకి ఇంతకంటే మంచి సాధనం ఎవరిస్తారు? ఇదేదో నా పైత్యం అనుకోకండి. 2022 డిసెంబరులో అమెరికా ఎఫ్‌బీఐ ఒక హెచ్చరిక జారీ చేసింది. సెర్చిలో ప్రకటనల రూపంలో నకిలీ సైట్లు వస్తున్నాయి, వెతికేటప్పుడు యాడ్ బ్లాకరు వాడండి అని. పోలీసులే చెప్పే మాటయిపోయింది.

సరే, కంప్యూటర్లో అయితే బ్రౌజరుకి ఒక యాడ్ బ్లాకరు తగిలిస్తే పోతుంది. (క్రోమ్‌లో అదీ కుదరకుండా పోయింది. 2025 నాటికి యూబ్లాక్ ఆరిజిన్‌ని పనిచెయ్యకుండా చేసేశారు, దాని తమ్ముడు "లైట్" మాత్రం మిగిలాడు. ఫైర్‌ఫాక్సులో పెద్దాయన ఇంకా ఉన్నాడు.) ఫోనులో యాప్‌లకీ, గోడకున్న టీవీకీ ఏం తగిలిస్తాం? అక్కడ పనికొచ్చేది డీఎన్ఎస్ ఒక్కటే.

అదేంటో తెలిసినవాళ్లు ఈ పేరా దాటెయ్యొచ్చు. మీరు ఏ సైటు తెరిచినా, ఏ యాప్ నొక్కినా, ఫోనుకి అవతలివాళ్ల పేరు తెలుసు గానీ చిరునామా తెలియదు. ఊరికి కొత్తగా వచ్చిన మనిషి వీధి చివర కిళ్లీకొట్టు దగ్గర ఆగి "ఫలానా వాళ్లిల్లెక్కడండీ" అని అడిగినట్టు, మీ ఫోను ప్రతి పేరుకీ ముందు ఒక డీఎన్ఎస్ సర్వరుని అడుగుతుంది. అది ఐపీ నంబరు చెప్తుంది, ఫోను అక్కడికి పోతుంది. ఒక్క వార్త చదవడానికి ఒక్క పేరే అడుగుతుందనుకుంటే పొరపాటు. పత్రికది ఒకటి, బొమ్మలు దాచుకునే చోటుది ఒకటి, మిగతావన్నీ ఆ వేలంపాటల వాళ్లవీ, మీరెవరో గుర్తుపట్టే వాళ్లవీ. ఇప్పుడు కిళ్లీకొట్టు వాడికి ఒక జాబితా ఇచ్చి, "ఇందులో ఉన్నవాళ్ల గురించి ఎవరడిగినా అలాంటివాళ్లు ఈ ఊళ్లో లేరని చెప్పు" అన్నామనుకోండి. ప్రకటన రాదు. రాకపోవడమే కాదు, అసలు దాన్ని తెచ్చుకోవడానికి ఫోను బయటికే వెళ్లదు. అంతే, ఇందులో ఇంకే బ్రహ్మవిద్యా లేదు.

కొత్త ఊహ కూడా కాదు. 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్‌ని రూపొందించక ముందు కంప్యూటర్ల పేర్లూ చిరునామాలూ అన్నీ ఒకే ఫైల్లో ఉండేవి, అందరూ దాన్ని కాపీ చేసుకునేవాళ్లు. ఆ ఫైలు వారసుడు "హోస్ట్స్" అనే పేరుతో ఇప్పటికీ ప్రతి విండోసులోనూ లినక్సులోనూ ఉంది. యాడ్ సర్వర్ల పేర్లన్నీ అందులో రాసి 127.0.0.1 వైపు మళ్లించడం మన సీనియర్లు ఎప్పట్నుంచో చేస్తున్న పనే. పై-హోల్ అనే ఉచిత సాఫ్టువేరు అదే పనిని ఇల్లు మొత్తానికీ ఒకేచోట చేస్తుంది. ఏ పేర్లు ఆపాలన్న జాబితాలు కూడా స్వచ్ఛందంగా కొందరు తయారుచేసి పెడుతున్నవే. పై-హోల్ పెట్టుకోగానే వచ్చేది స్టీవెన్ బ్లాక్ అనే ఆయన జాబితా.

2025 సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు పని మొదలుపెట్టాను. బీటెక్ ఫైనలియర్లో "స్మార్ట్ ఇరిగేషన్" ప్రాజెక్టుకని కొన్న రాస్‌బెర్రీ పై 3 అటక మీద ఉంది. ఒక్క మొక్కకి కూడా నీళ్లు పెట్టకుండానే నాకు మార్కులు తెచ్చిపెట్టిన మహానుభావురాలు :) దాన్ని దించి దుమ్ము దులిపి పై-హోల్ ఎక్కించడానికి అరగంట పట్టింది. మిగతా పండగంతా దాన్ని నిజంగా పనిచేయించడానికే సరిపోయింది. పొయ్యి మీద అరిసెల పాకం, వరండాలో నేను నెట్‌వర్కు తీగలతో.

ఎందుకంటే నెట్ కంపెనీ వాడిచ్చిన రౌటరులో డీఎన్ఎస్ మార్చే చోటే లేదు. దాని డీహెచ్‌సీపీ ఆపేసి, ఆ పని కూడా పై-హోల్‌కే అప్పజెప్పాను. అయినా సగం ప్రకటనలు వస్తూనే ఉన్నాయి. రెండు గంటలు జుట్టు పీక్కున్నాక అర్థమైంది, రౌటరు ఐపీవీ6 మీద తన డీఎన్ఎస్‌ని విడిగా చాటింపు వేసుకుంటోంది, ఫోన్లు అటు పోతున్నాయి. అది ఆపాను. ఇంకో తప్పు నేనే చేశాను. పై పనిచెయ్యకపోతే పనికొస్తుందని రెండో డీఎన్ఎస్‌గా 8.8.8.8 ఇచ్చాను. రెండోది అంటే మొదటిది చచ్చిపోతేనే అడుగుతుందని మనమనుకుంటాం. ఫోన్లు అలా అనుకోవు, ఏది నచ్చితే దాన్ని అడుగుతాయి. వడపోతకి కావాలని పెట్టుకున్న చిల్లన్నమాట. ఇక కరెంటు. కరెంటు పోతే పై పోతుంది, పై పోతే ఇంట్లో నెట్ మొత్తం పోయినట్టే, పైగా హఠాత్తుగా కరెంటు పోతే దాని మెమరీ కార్డు పాడయ్యే ప్రమాదం. రౌటరునీ పైనీ ఇన్వర్టరు లైనుకి మార్చాను. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, ఇంటర్నెట్లో చూస్తే "పది నిమిషాల్లో ప్రకటనలు మాయం" అనే రాస్తారు. పదిని ముప్పైతో హెచ్చవేసుకోండి.

అన్నిటికంటే మొండిది టీవీ. ఎవరూ చూడకపోయినా, రిమోటుతో ఆపేసి ఉన్నా, అది ఎవరెవర్నో పేరుపెట్టి పిలుస్తూనే ఉంటుంది. పైగా నేనిచ్చిన డీఎన్ఎస్‌ని కాదని నేరుగా 8.8.8.8ని అడుగుతోంది, ఆ నంబరు తయారీలోనే దాని తలకాయలో రాసేశారు. మన కిళ్లీకొట్టు వాణ్ణి కాదని ఎక్కడో ఉన్న వాళ్ల మేనమామకి ఫోను చేసి అడుగుతోందన్నమాట. చివరికి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించిన సెకండ్ హ్యాండు రౌటరు ఒకటి మధ్యలో పెట్టి, 53వ పోర్టులో బయటికి పోయే ప్రతి ప్రశ్ననీ పై దగ్గరికే మళ్లించాను. రేపు ఆ టీవీకి అప్‌డేటు వచ్చి డీఎన్ఎస్ ప్రశ్నల్ని హెచ్‌టీటీపీఎస్‌లో చుట్టి పంపడం మొదలుపెడితే ఇదీ చాలదు. 2018లో ప్రమాణంగా వచ్చిన ఆ పద్ధతి మంచి ఉద్దేశంతో పుట్టిందే, దారిలో ఉన్నవాళ్లకి మన ప్రశ్నలు కనపడకూడదని. కానీ నేను డబ్బిచ్చి కొన్న టీవీ, నా ఇంట్లో గోడకి వేలాడుతూ, నాకు కనపడకుండా మాట్లాడుకోవడానికి దాన్ని వాడితే దాన్నేమనాలి? టీవీలు మనల్ని చూడటమేంటి అనుకునేవాళ్లకి ఒక సంగతి. విజియో అనే టీవీ కంపెనీ, ఎవరెవరు ఏమేం చూస్తున్నారో కోటీ పది లక్షల టీవీల్లోంచి సరైన అనుమతి లేకుండా సేకరించిందన్న కేసులో 2017లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో, న్యూజెర్సీ రాష్ట్రంతో రాజీపడి 22 లక్షల డాలర్లు కట్టింది.

ఇలా చెప్పానని డీఎన్ఎస్ వడపోత సర్వరోగ నివారిణి అనుకోకండి. యూట్యూబులో ప్రకటనలు దీంతో ఆగవు. అసలు వీడియో వచ్చే పేర్ల నుంచే ప్రకటనా వస్తుంది. పేరు ఒకటే అయినప్పుడు పేరుని బట్టి ఆపేవాడు ఏం చేస్తాడు? లైవ్ క్రికెట్లో సర్వరు దగ్గరే ఆటలో కలిపేసి పంపే ప్రకటనలూ అంతే. ఇంట్లో వైఫై దాటి మొబైలు డేటా మీదికి వెళ్తే ఇంటి పెట్టెకి ఏ సంబంధమూ లేదు. దానికి ఆండ్రాయిడు 9 నుంచి ఫోను సెట్టింగుల్లో "ప్రైవేట్ డీఎన్ఎస్" అని ఉంది, అక్కడ ప్రకటనలు వడకట్టే సర్వరు పేరు రాస్తే సరిపోతుంది. ఇంట్లో పెట్టెలూ తీగలూ వద్దనుకునేవాళ్లకి అదొక్కటే చాలు. రెండు నిమిషాల పని, ఇది మాత్రం నిజంగానే రెండు నిమిషాలు.

ఇక అందరూ అడిగేది. ప్రకటనల మీద బతికే సైట్ల నోట్లో మట్టి కొట్టడం కాదా ఇది? ఈ మాటని తీసిపారెయ్యలేను. తెలుగులో ఉచితంగా దొరికే రాత ఏదైనా ఉందంటే దాని వెనక చాలాచోట్ల ఆ నాలుగు డబ్బులే ఉన్నాయి. గూగుల్ యాడ్‌సెన్సు తెలుగుని ఒప్పుకున్నదే 2018లో. అప్పటిదాకా తెలుగులో రాసేవాళ్లకి ఆ మాత్రం కూడా లేదు. వంటల మీదో వ్యవసాయం మీదో కష్టపడి రాసే చిన్న సైటుకి నా వల్ల నష్టం అంటే, నిజమే, నష్టమే. నేను చదివే రెండు పత్రికలకి చందా కట్టాను, కానీ దాంతో లెక్క సరిపోయిందని చెప్పను. నా వాదన ఒక్కటే. సైటు వాడు తన పేజీలో తనే చూసి, తనే ఎంచి, తన సర్వరు మీంచే ఒక బొమ్మ వేసుకుంటే, పక్కవీధి చీరల కొట్టుది కావచ్చు, కోచింగ్ సెంటరుది కావచ్చు, నా పై-హోల్ దాన్ని ఆపదు. ఆపలేదు కూడా. అది ఆపేది ఎవరో ముక్కూమొహం తెలియనివాడి పెరట్లోంచి వచ్చేదాన్ని. తన గుమ్మంలో ఎవణ్ణి నిలబెడుతున్నాడో తనకే తెలియనివాడు, నా గుమ్మంలోకి కూడా వాణ్ణి రానివ్వమంటే ఎలా?

ఈ వాదన అంతా అమ్మ దగ్గర మాత్రం చెల్లలేదు. ఆవిడ సీరియలు చూసే యాప్ ప్రకటన రాకపోతే ముందుకి కదలదు, గుండ్రంగా తిరుగుతూ కూర్చుంటుంది. సెర్చిలో మొదట కనిపించే "స్పాన్సర్డ్" లింకులు కనపడతాయి గానీ నొక్కితే తెరుచుకోవు, ఆ నొక్కుడు యాడ్ సర్వరు మీదుగా పోతుంది కాబట్టి. "ఒరేయ్, నీ డబ్బా పెట్టినకాణ్ణించీ ఏదీ సరిగ్గా రావట్లేదు, తీసుకుపోయి ఆ హైదరాబాదులోనే పెట్టుకో" అని వారానికోసారి ఫోను. సీరియలు యాప్‌కి కావలసిన పేర్లు వదిలేశాను. అమ్మ సీరియలు ముందు సిద్ధాంతాలేంటి.

అసలు సంగతి ఇక్కడే మొదలైంది. ఏది ఆగిందో, ఏది ఆగలేదో చూసి సరిచెయ్యాలంటే చిట్టా చూడాలి. పై-హోల్ అన్నీ రాసిపెడుతుంది, ఏ ఫోను, ఎన్ని గంటలకి, ఏ పేరు అడిగింది అని. హైదరాబాదులో కూర్చుని టెయిల్‌స్కేల్ ద్వారా ఇంటి పెట్టెలోకి వెళ్లి చూసేవాణ్ణి. మొదట్లో అమ్మ ఫోను చేసినప్పుడు. తరవాత రోజూ ఒకసారి, లంచ్ టైములో. చేతికి పని లేనప్పుడు కూడా. ఇది అలవాటైపోయిందని నేను గమనించుకోలేదు.

మార్చిలో ఒకరోజు చూస్తే నాన్నగారి ఫోను, రాత్రి రెండు దాటాక, బంగారం మీద అప్పులిచ్చే కంపెనీల పేర్లు వరసగా అడిగింది. మర్నాడు రాత్రీ అంతే. పోయిన డబ్బు నేనిస్తానని డిసెంబరులోనే అన్నాను, "నా తప్పుకి నువ్వు కట్టడమేంటి, ఫిక్సెడ్ డిపాజిట్టులోంచి సర్దాను" అన్నారు. సర్దలేదన్నమాట. మేస్త్రీకి మాటిచ్చేశారు, అమ్మ గాజులు తాకట్టుకి పోతున్నాయి. నేను చాలా తెలివిగా, కంపెనీలో బోనసు వచ్చిందని చెప్పి అమ్మ ఖాతాలో డబ్బు వేసి, "గాజుల జోలికెళ్లకండి" అన్నాను. తెలివి అక్కడే తెల్లారింది. ఆ రాత్రి నాన్నగారే ఫోను చేశారు.

"ఏరా, గాజుల సంగతి మీ అమ్మక్కూడా చెప్పలేదు నేను. నీకెలా తెలిసింది?"

చెప్పాను. పెట్టె, చిట్టా, పేర్లు.

"అంటే నేను ఫోనులో చూసేవన్నీ నీకు కనిపిస్తాయా?"

"అన్నీ కాదు నాన్నగారూ. పేర్లే కనిపిస్తాయి. లోపలే పేజీ చదివారో, ఏం రాశారో తెలియదు."

"పేర్లు చాలవూ?"

నా దగ్గర జవాబు లేదు. చాలాయి కదా మరి, ఒక మనిషి రాత్రి రెండింటికి పడుకోకుండా ఏం మథనపడుతున్నాడో తెలుసుకోవడానికి. ఆయన అంతటితో వదల్లేదు. లెక్కల మాస్టారు కదా, మెట్టు తరవాత మెట్టు. "ఆ ప్రకటనల వాళ్లు మనం ఏం చూస్తున్నామో రాసిపెట్టుకుంటున్నారని కదూ సంక్రాంతికి నాకు క్లాసు పీకావు? నువ్వూ అదే రాసిపెట్టుకుంటున్నావు. వాళ్లకి నా పేరు తెలియదు, నీకు తెలుసు. ఏది ఎక్కువంటావు?"

మీ మంచికే అందామనుకున్నాను. ప్రతి యాడ్ కంపెనీ విధానపత్రంలోనూ మొదటి వాక్యం అదే అని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఆయన కోపంతో అడిగింది కూడా కాదది. సిగ్గుతో అడిగారు. ఒకసారి ఎవడో దొంగ ముందు మోసపోయి, రెండోసారి కొడుకు ముందు బయటపడిపోయి. మొదటిదాన్నుంచి కాపాడదామని నేను పెట్టిన పెట్టే రెండోదానికి కారణం.

సాంకేతికంగా చూస్తే ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. పేరుకి జవాబు చెప్పేవాడికి, ఎవరు ఏమడిగారో తెలియకుండా జవాబు చెప్పడం కుదరదు. నా పై-హోల్ లేనప్పుడు అది నెట్ కంపెనీకి తెలిసేది. ప్రైవేట్ డీఎన్ఎస్ పెట్టుకుంటే ఆ సర్వరు నడిపేవాళ్లకి తెలుస్తుంది. యాడ్‌గార్డు అయితే సైప్రస్‌లో ఉంది, వాళ్లని నమ్మాలా వద్దా అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి. జవాబు చెప్పేవాడి చేతిలోనే లేదని చెప్పే అధికారమూ ఉంటుంది. ప్రభుత్వం ఫలానా సైటు ఆపమంటే మన దేశంలో నెట్ కంపెనీలు చాలాసార్లు ఆపేది కూడా ఇదే పద్ధతిలో. అక్కడ మనం సెన్సారు అంటాం, ఇంట్లో చేస్తే రక్షణ అంటాం. రెండిట్లోనూ సాఫ్టువేరు ఒకటే. తేడా ఉన్నదల్లా, ఆగినవాడికి ఆగిందని తెలుసా, తెలిస్తే దాన్ని తీసేసే వీలు వాడి చేతిలో ఉందా అన్నదే. నేను పండక్కి పెట్టినప్పుడు మా ఇంట్లో ఆ రెండూ లేవు. పాస్‌వర్డు నా దగ్గరే.

మా ఆఫీసులో ఈ సంగతి చెప్తే ఒకతను, "అయితే ఏమైందిరా, నేను మా ఇంట్లో అందరి ఫోన్లకీ పెట్టాను, మా ఆవిడకి తెలియదు కూడా" అని గొప్పగా చెప్పాడు. రెండు నెలల ముందైతే నేనూ భలే అనేవాణ్ణేమో. హాస్టళ్లలో, అద్దె ఇళ్లలో ఓనరు వైఫై కింద ఉండేవాళ్ల సంగతి ఇంకా చెప్పక్కర్లేదు.

ఉగాదికి వెళ్లినప్పుడు పెట్టె తీసేస్తానన్నాను. నాన్నగారు వద్దన్నారు. "ఆ దిక్కుమాలిన బొమ్మలు రాకపోతే పేపరు చదవడానికి హాయిగానే ఉందిరా. చదివింది రాసుకోవడం మటుకు ఆపు" అన్నారు. పై-హోల్‌లో ఆ సౌకర్యం ఉంది, గోప్యతకి 0 నుంచి 3 దాకా మెట్లున్నాయి. 0లో అన్నీ రాస్తుంది, 3లో ఎవరడిగారో ఏమడిగారో ఏదీ చూపించదు, మొత్తం లెక్క మాత్రం ఉంటుంది. 3 పెట్టి, పాత చిట్టా మొత్తం ఆయన ముందే చెరిపేశాను. పాస్‌వర్డు కొత్తది ఆయన్నే పెట్టమన్నాను. నేను అటు తిరిగి నించున్నాను. టెయిల్‌స్కేల్ కూడా తీసేశాను.

దీనివల్ల ఇబ్బంది లేదని కాదు. చిట్టా లేకుండా ఏది ఎందుకు ఆగిందో కనిపెట్టడం చీకట్లో సూది వెతకడమే. జూన్లో అమ్మ కరెంటు బిల్లు కట్టే పేజీ తెరుచుకోలేదు. పాత రోజుల్లో అయితే కుర్చీలోంచి లేవకుండా నిమిషంలో సరిచేసేవాణ్ణి. ఇప్పుడు ఫోనులో నలభై నిమిషాలు, "ఆ పైన ఏం రాసుంది నాన్నగారూ, చదవండి" అంటూ. చివరికి అడ్డు ఐదు నిమిషాలు ఆపే మీట ఒకటుంది, అది నొక్కి బిల్లు కట్టేశారు. అసలు ఏ పేరు అడ్డొచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

ఆ మీట ఎక్కడుందో, ఏ పేరుని వదలాలో, ఏది వద్దో ఒక తెల్లకాగితం మీద నంబర్లు వేసి రాసుకుని, వంటింటి తలుపు పక్క క్యాలెండరు వెనక అంటించుకున్నారాయన. గ్యాసు మళ్లీ తనే బుక్ చేస్తున్నారుట, అమ్మ చెప్పింది. పోయిన వారం ఫోను చేసి, పజిల్స్ సైటు ఒకటి తెరుచుకోకపోతే తనే అనుమతి ఇచ్చానని చెప్పారు. ఏ సైటని అడగబోయి ఆగిపోయాను.